మా మామ్మ కడియాల వెండి ఏ కొండది?

మా మామ్మ పోయినప్పుడు ఆవిడకి మిగిలిన ఆస్తి రెండు వెండి కడియాలు. అవి కూడా ఇంట్లో లేవు, టెక్కలిలో తాకట్టులో ఉండీవి. విడిపించడానికి నేనూ, మా చిన్నాన్నా వెళ్ళాం. షాపాయన తూకమేసి, గీటురాయి మీద గీసి చూసి, "పాతకాలం రూపాయిలు కరిగించి చేయించినవి, బావూ. ఇలాటి వెండి ఇప్పుడెక్కడిది" అన్నాడు. తెల్లదొరల కాలంలో రూపాయంటే తులం ఎత్తు. అందులో పన్నెండింట పదకొండు వంతులు అసలు వెండే. మనూళ్ళల్లో డబ్బు దాచుకోవడమంటే ఆ రూపాయిల్ని కంసాలికిచ్చి కాళ్ళకీ చేతులకీ తొడుక్కోవడమే. బ్యాంకు లేదు కదా, కాలే బ్యాంకు.

తిరిగొచ్చినప్పుడు బస్సులో నాకో డౌటొచ్చింది. మన ఉద్దానంలో కొబ్బరుంది, జీడుంది, పనసుంది. నౌపడలో ఉప్పుంది. సముద్రంలో చేపుంది. వెండి ఎక్కడుంది? శ్రీకాకుళం జిల్లా మొత్తం తవ్వినా ఒక వెండి గని లేదు. మరి మా మామ్మ కాలికి తులాల కొద్దీ వెండి ఎలగొచ్చింది?

ఈ మాట జరిగి ఇరవై ఏళ్ళు దాటిపోయింది. నేను పెద్దగా చదువుకున్నోణ్ణి కాదు. కానీ ఆ డౌటు వదల్లేదు. దొరికిన పుస్తకమల్లా తిరగేశాను, తర్వాత ఫోనొచ్చాక రాత్రిళ్ళు అదే పని. తేలిందేటంటే, సముద్రం దాటి, ఇంకో సముద్రం దాటి, బొలీవియా అనే దేశంలో ఒక ఎర్రకొండ దగ్గరికెళ్తే తప్ప ఈ కథ మొదలు దొరకదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కొంచెం ఓపిక పట్టండి. మూలపేట ఒడ్డుకి మళ్ళీ వచ్చేద్దాం.

ఆ కొండ పేరు సెర్రో రికో. ధనంకొండ అనుకోండి. దాని కింద ఊరు పోటోసీ. సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తు. మన మహేంద్రగిరి 1,500 మీటర్లు. అలాటివి రెండు ఒకదాని మీదొకటి పెట్టినా పోటోసీ వీధి అందదు. గాలి పల్చగా ఉంటాది, చలి కొరికేస్తాది, పంట పండదు. 1545లో దియేగో వల్పా అనే అక్కడి మనిషి ఈ కొండలో వెండి చూశాడని చెప్తారు. అప్పటికే స్పెయిన్ వాళ్ళు ఇంకాల రాజ్యాన్ని పడగొట్టీసి ఉన్నారు. వెండి మాట వాళ్ళ చెవిన పడగానే ఆ బోడి కొండ కింద ఊరు పుట్టీసింది. 1600 దాటేసరికి లక్షన్నర జనం ఉండీవారని అంచనా. ఆ రోజుల్లో యూరప్‌లో అంత పెద్ద ఊళ్ళు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు.

మొదటి ఇరవై పాతికేళ్ళు పైపైన ఉన్న మంచి రాయి తవ్వీసుకున్నారు. అదైపోయాక కొండ లోతుకెళ్ళాలి. లోతుకెళ్ళాలంటే మనుషులు కావాలి. ఎవరెళ్తారు? ఇష్టపడి ఎవరూ వెళ్ళరు. అప్పుడు రాజు తరఫున పరిపాలించే వైస్రాయి, ఫ్రాన్సిస్కో దె తొలేదో అనే ఆయన, 1570లలో ఒక ఏర్పాటు చేశాడు. దాని పేరు మితా.

ఈ మితా అన్నది స్పెయిన్ మాట కాదు, అక్కడి జనం మాటే. 'వంతు' అని అర్థం. ఇంకాల కాలంలో ఊరోళ్ళందరూ వంతులేసుకుని రోడ్డు వెయ్యడం, కాలవ తవ్వడం లాటి రాజు పనులు చేసీవారు. అందులోనూ బలవంతం ఉన్నాది, కాదనను. కానీ పనిలో ఉన్నన్నాళ్ళూ తిండి రాజుదే. తొలేదో ఆ పాత మాటని అలాగే ఉంచి, లోపలున్న సరుకు మార్చీశాడు. 16 ప్రాంతాల నుంచి, పని చెయ్యగల మగాళ్ళలో ఏడో వంతు మంది, ఏడాదికోసారి పోటోసీ రావాలి. లెక్క ప్రకారం ఏడాదికి సుమారు 13,500 మంది. వారం గనిలో, రెండు వారాలు బయట. బయటున్న రెండు వారాలూ విశ్రాంతని కాగితం మీద ఉన్నాది. గనిలో ఇచ్చిన కూలితో కడుపు నిండదు గనుక ఆ రెండు వారాలూ మళ్ళీ కూలికే వెళ్ళీవారు.

కూలి ఇచ్చీవారు, అది మర్చిపోకండి. ఉత్తి వెట్టి కాదు, పూర్తి బానిసత్వమూ కాదు. అందుకే తెలివైన ఏర్పాటంటున్నాను. కానీ ఇష్టంతో కూలికొచ్చిన వాళ్ళకిచ్చే దాంట్లో సగమే వీళ్ళకి. ఊరు నుంచి నడిచొచ్చే దారి ఖర్చు కూడా వీళ్ళదే. టిటికాకా సరస్సు ఒడ్డునున్న చుకుయితో లాటి ఊళ్ళ నుంచి పెళ్ళాం పిల్లల్తో, మూటలు మోసే లామా జంతువుల్తో వందల కిలోమీటర్లు నడిచీవారు. మనిషి ఒక్కడే వంతుకెళ్ళడు, ఇల్లు మొత్తం కదుల్తాది. మగాడు కొండలో, ఆడది బజార్లో వండింది అమ్ముకుంటూ.

లోపల ఎలగుండీదో హోసే దె అకోస్తా అనే క్రైస్తవ సన్యాసి చూసి రాశాడు. ఆయన పుస్తకం 1590లో అచ్చయ్యింది. పగలూ రాత్రీ తేడా తెలీని చీకటి. తోలు పేనిన తాళ్ళ నిచ్చెనలు. వీపు మీద పాతిక కిలోల దాకా రాయి మూట. ముందెక్కే వాడి బొటనవేలికి కొవ్వొత్తి కట్టి ఉంటాది. ఎందుకంటే రెండు చేతులూ నిచ్చెన పట్టుకోవాలి కదా. కింద చెమట, పైకొచ్చేసరికి గడ్డకట్టే చలి. రాతి పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయీవి. ఇప్పుడు దాన్ని సిలికోసిస్ అంటారు. క్వారీల్లో, క్రషర్ల దగ్గర పనిచేసే మనవాళ్ళకి ఆ దగ్గు తెలుసు.

రాయి పైకొచ్చాక ఇంకో నరకం. రాతిని పిండి చేసి, నీళ్ళు, ఉప్పు, పాదరసం కలిపి తొక్కాలి. (నౌపడోళ్ళకి ఓ మాట, వెండికి కూడా ఉప్పు కావాలన్నమాట.) పాదరసం వెండిని పట్టుకుంటాది. తర్వాత ఆ ముద్దని కాలిస్తే పాదరసం ఆవిరైపోయి వెండి మిగుల్తాది. ఆవిరి ఎక్కడికెళ్తాది? కాల్చేవాడి ముక్కులోకి. కాళ్ళు, చేతులు వణకడం, పళ్ళు ఊడిపోవడం, మతి తప్పడం. ఆ పాదరసం పెరూలో వాంకవెలికా అనే ఇంకో గని నుంచొచ్చీది. అక్కడా మితాయే. అది పోటోసీ కంటే ఘోరమని పేరు. మన ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో కారణం ఇదీ అని ఇన్నేళ్ళైనా గట్టిగా తేల్లేదు. అక్కడ కారణం అందరికీ తెలుసు. తెలిసే రెండొందల ఏళ్ళు నడిపించారు.

ఒక జాగ్రత్త. పోటోసీలో 80 లక్షల మంది చచ్చిపోయారని ఫోన్లలో తిరుగుతాది. ఆ అంకెకి గట్టి ఆధారం లేదు, చరిత్ర రాసేవాళ్ళు ఒప్పుకోరు. మనం దాన్ని వాడొద్దు. అబద్ధపు అంకె ఒకటి దొరికితే నిజం మొత్తాన్ని కొట్టిపారీడానికి కాసుక్కూచునే వాళ్ళుంటారు. అంకె లేకుండానే జరిగింది చాలు.

నాకు అన్నిటికన్నా మనసుకి తగిలిన సంగతి ఇంకొకటి. మితా వంతు ఊరికి వేస్తారు, ఊరి లెక్కలో ఉన్న మగాళ్ళని బట్టి. దాంతో జనం ఏటి చేశారు? సొంతూరు వదిలీసి వేరే ఊరెళ్ళిపోయారు. వేరే ఊర్లో 'పరాయివాడు'గా ఉంటే మితా లేదు. కానీ భూమీ లేదు, మాట చెల్లదు. వంతు తప్పించుకోవాలంటే ఊరు పోగొట్టుకోవాలి. ఊళ్ళు ఖాళీ అయిపోతుంటే మిగిలిన వాళ్ళ మీద వంతు ఇంకా బరువు. అంతలో గని యజమానులు ఇంకో దారి పట్టారు. 'మనిషిని పంపలేకపోతే డబ్బు పంపు' అన్నారు. ఊరి పెద్దలు ఎలాగోలా అప్పులు చేసి డబ్బు కట్టీవారు. దొర ఆ డబ్బుతో వేరే కూలీని పెట్టుకోవాలి కదా, పెట్టుకోడు. జేబులో వేసుకునీవాడు. అలాటి కూలీకి 'జేబులో మనిషి' అని పేరు కూడా పడింది. హాజరు పట్టీలో పేరుంటాది, పనిలో మనిషుండడు, డబ్బు మాత్రం చేతులు మారుతాది. మస్టర్ రోల్ చూసినోడికి ఇది వేరే చెప్పాలేటి?

ఇక వెండి సంగతి. తవ్విందాంట్లో ఐదో వంతు రాజుకి పన్ను. పోటోసీలోనే టంకశాల పెట్టి ఎనిమిది రియాళ్ళ నాణెం కొట్టీవారు. అలాటివే మెక్సికోలోనూ. 16 నుంచి 18వ శతాబ్దం దాకా ప్రపంచంలో తీసిన వెండిలో సుమారు 80 శాతం స్పెయిన్ చేతిలో ఉన్న అమెరికా నుంచే. అంత వెండి వచ్చిన స్పెయిన్ రాజు బాగుపడ్డాడా? 1557లో, 1575లో, 1596లో మూడుసార్లు చేతులెత్తీశాడు, అప్పులు కట్టలేనని. యుద్ధాలకి, వడ్డీలకి పోయింది. వెండి స్పెయిన్‌లో ఆగలేదు. జెనోవా వడ్డీ వ్యాపారుల దగ్గరికి, అక్కడ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి, లండన్‌కి. ఆ రెండూళ్ళ నుంచి ఓడలెక్కి ఎక్కడికి? మన దగ్గరికే.

ఎందుకంటే యూరప్ వాళ్ళకి మన బట్ట కావాలి. మనకి వాళ్ళ సరుకేదీ అక్కర్లేదు. వాళ్ళు తెచ్చింది ఉన్ని గుడ్డలు. మే నెలలో మూలపేట ఎండలో ఉన్ని చొక్కా ఎవడేసుకుంటాడు? అందుకని వెండి తెచ్చి బట్ట కొన్నారు. డచ్చోళ్ళు 1605-06కల్లా మచిలీపట్నంలో దిగారు. ఇంగ్లీషోళ్ళు 1611లో వచ్చారు. తర్వాత డచ్చోళ్ళు మన భీమిలిలోనూ కోట కట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, సెల్ఫీలు తీసుకుంటారు గదా, అవే. మన వైపు సన్నబట్టకి 'చికాకోల్ మజ్లిన్' అని పేరు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. ఆ చేతి నేర్పు చివరి కొస ఇప్పుడు పొందూరులో ఉన్నాది. మన తీరం బట్టని తూర్పు దీవులకి పట్టుకెళ్ళి, అక్కడ ఆ బట్టిచ్చి లవంగాలు, జాజికాయ కొనీవారు డచ్చోళ్ళు. వచ్చిన వెండి నాణేల్ని ఇక్కడి టంకశాలల్లో కరిగించి రూపాయిలు కొట్టీవారు.

అదీ దారి. పోటోసీ చీకట్లో ఒకడు బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకుని మోసిన రాయి, మన మగ్గం ముందు కూచున్నోడి చేతికి రూపాయై వచ్చీది. ఈయన పేరు ఆయనకి తెలీదు, ఆయన కొండ ఈయనకి తెలీదు. మధ్యలో ఉన్నవాళ్ళకే ఇద్దరూ తెలుసు. నేతగాడికి మాత్రం పూర్తి వెండి దక్కిందా? బయానా ముందిచ్చి, ధర ముందే కట్టి, బట్ట చేతికొచ్చాక 'ఇది నాసిరకం' అని తగ్గించీవారు. బయానా అప్పైపోయి కూచునీది.

మా మామ్మ కడియాల్లో ఉన్నది పోటోసీ వెండేనా అంటే, ఏ తులం ఏ కొండదో ఎవరూ చెప్పలేరు. 19వ శతాబ్దం రూపాయిల్లోకి మెక్సికో వెండీ, ఇంకెన్నో చోట్ల వెండీ వచ్చి కలిసింది. కరిగిన వెండికి పుట్టిల్లు గుర్తుండదు. కానీ మన పల్లెల్లో వెండి ఒక అలవాటుగా మారడానికి పడిన దారి మాత్రం అదే.

మరి ఆ వెండి రావడం ఎందుకు తగ్గింది? ఇది స్కూలు పుస్తకంలో ఒక లైనులో దాటేస్తారు. 1765లో కంపెనీకి బెంగాల్ పన్ను వసూలు హక్కొచ్చింది. అదే ఏడు మొగలు పాదుషా దగ్గర మన ఉత్తర సర్కార్లకి కూడా ఫర్మానా రాయించుకున్నారు, మరుసటేడు నిజాంతో ఒప్పందం. ఆ సర్కార్లలో చికాకోల్ సర్కారు ఒకటి. అంటే మనమే. అప్పటి నుంచి కంపెనీ లండన్ నుంచి అంత వెండి మోసుకురావడం దేనికి? ఇక్కడి రైతు కట్టిన శిస్తుతోనే ఇక్కడి బట్ట కొనీవచ్చు. మన జేబులో చెయ్యి పెట్టి, ఆ డబ్బుతో మన దగ్గరే సరుకు కొని పట్టుకెళ్ళడం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'పెట్టుబడి'.

తర్వాత మనల్ని కూడా తవ్వారు. వెండి లేదు గానీ మాంగనీసు ఉన్నాది. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే మన ఉత్తరాంధ్రలో, 1892లో. అప్పటి విశాఖపట్నం జిల్లా, ఇప్పటి విజయనగరం జిల్లాలో గర్భాం, కోడూరు, గరివిడి వైపు. మొదటేడు తీసింది 674 టన్నులు. 1900కల్లా సుమారు 92,000 టన్నులు. ఎనిమిదేళ్ళలో అంత పెరుగుదల. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి, ఆ ఉక్కు కొలుములు ఉన్నది ఇంగ్లండులో, అమెరికాలో. రాయి రాయిలాగే ఓడెక్కిపోయీది. దాన్ని ఇక్కడే కరిగించి అమ్మితే ఎంతొస్తాదో లెక్క కట్టే అవసరం తవ్విన వాళ్ళకి లేదు. గరివిడిలో ఫెర్రో మాంగనీసు ఫ్యాక్టరీ పడింది స్వతంత్రం వచ్చాక, 1950లలో. విశాఖలో పెద్ద పోర్టు 1933లో మొదలెట్టిందీ, రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు వేసిందీ ముఖ్యంగా ఈ మాంగనీసు కోసమే, మధ్య రాష్ట్రాల రాయిని సముద్రానికి చేర్చడానికి. జనం ఎక్కడానికని మనం అనుకుంటాం.

ఒక తమాషా చెప్తాను. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1909లో మన దేశం మాంగనీసు మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. అందులో ఒక రకం రాతికి 'కోడురైట్' అని పేరెట్టాడు, మన కోడూరు గని పేరు మీద. ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్రం చదివేవాడికైనా ఆ పేరు తెలుస్తాది. కోడూరు రాయికి పేరు మిగిలింది. తట్టలు మోసిన వాళ్ళ పేరు ఒక్కటి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పోటోసీకీ గర్భాంకీ తేడా లేదని నేననను. ఇక్కడ మితా లేదు. 1896-97 లాటి కరువులొచ్చిన కాలం, ఆకలే మనిషిని తోలుకొచ్చీది, వేరే సైన్యం అక్కర్లేదు. కొండల్లో మాత్రం అచ్చంగా మితా లాటిదే నడిచింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ళని రోడ్డు పనికి లాక్కెళ్ళి, కూలి సరిగ్గా ఇవ్వకుండా చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనకాల జనం లేవడానికి ఆ రోడ్డు ఒక కారణం. అక్కడ ఆండీస్‌లో కూడా అంతే. తూపాక్ అమారు అనే ఊరి పెద్ద ముందు 1777లో లీమా వెళ్ళి, మా వాళ్ళకి మితా తీసీండని అర్జీలు పెట్టుకున్నాడు. వినలేదు. 1780లో తిరగబడ్డాడు. 1781 మేలో కూస్కో నడివీధిలో చంపేశారు. మన రాజుని 1924 మేలో కొయ్యూరులో కాల్చేశారు. మితా పూర్తిగా పోయింది 1825లో, స్వతంత్రం వచ్చాక.

కొండ ఇప్పటికీ ఉన్నాది. లోపల బొరియలు పడీ పడీ శిఖరం కుంగిపోతున్నాది. 2014లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో వేసింది. ఇప్పుడూ కూలీలు సంఘాలు కట్టుకుని మిగిలిన తగరం, జింకు, వెండి ఏరుకుంటున్నారు. వెళ్ళేముందు లోపలున్న 'తియో' అనే మట్టి బొమ్మకి కోకా ఆకు, సిగరెట్టు, సారా పెడతారు. పైన దేవుడు, లోపల ఈయన. వేటకెళ్ళే ముందు గంగమ్మకి దండమెట్టే వాళ్ళకి ఇది అర్థమవుతాది.

సరే, మూలపేట. 2023 ఏప్రిల్లో పోర్టుకి శంకుస్థాపన చేశారు. అంతకుముందు కాగితాల్లో భావనపాడు పోర్టనీవారు. ఆ పక్క మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళోళ్ళని కదిలించి నౌపడ దగ్గర ఇళ్ళంటున్నారు. ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ సరుకు ఇటు వస్తాదంటున్నారు. నేను పోర్టొద్దని రాయట్లేదు. మన పిల్లలు చెన్నై, సూరత్, గల్ఫు తిరిగి తిరిగి అలిసిపోయారు. ఇంటి దగ్గర పనుంటే ఎవరికి చేదు? మన తాతలు కూడా ఓడెక్కి రంగూన్ వెళ్ళినోళ్ళే, అక్కడోళ్ళు మనల్ని 'కొరంగీలు' అనీవారు. కానీ నన్నడిగే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పోటోసీ కూలి ఎంతో, వంతు ఎంతో, జేబులో మనిషంటే ఏటో మనకి నాలుగొందల ఏళ్ళ తర్వాత కూడా ఎలా తెలిసింది? కాగితం ఉండబట్టి. స్పెయిన్ వాళ్ళు వాళ్ళ అవసరానికి అన్నీ రాసుకున్నారు. అక్కడి ఊరి పెద్దలు కూడా అర్జీ మీద అర్జీ పెట్టారు, అవీ మిగిలాయి. గర్భాం తట్టలు మోసిన వాళ్ళవి అలా దొరకట్లేదు.

అందుకే పట్టా జిరాక్సు తీసి పెట్టుకోండి. పరిహారం ఎంతన్నారు, ఎంత పడింది, ఏ తారీఖున, బ్యాంకు పాసుబుక్కు పేజీ ఫొటో తీసి ఉంచండి. కాంట్రాక్టరు కింద పనికెళ్తే హాజరు మీరు కూడా వేరే పుస్తకంలో రాసుకోండి. ఉద్యోగాలిస్తామన్న మాట ఏ కాగితం మీద ఉందో సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయిల ఫీజు. ఓడలు రావడం మొదలయ్యాక ఏ సరుకు ఎన్ని టన్నులు పోతోందో అది కూడా అడగండి.

మామ్మ కడియాల్లో ఒకటి మా చెల్లి కూతురికిచ్చాం. రెండోది మొన్న జూన్‌లో కాలేజీ ఫీజులప్పుడు మళ్ళీ టెక్కలి వెళ్ళింది. ఇంకా రాలేదు.